సగం ఆకు

కృత్తిక కార్తె, షిఫ్టు దిగాక

మాటలు పట్టుకునే ఈ డబ్బా ముందు కూర్చోవాలంటే నాకు ఒళ్లు మంట. ఎదుటి మనిషి ఊ కొట్టకపోతే నాకు మాట సాగదు. కానీ మా బొగ్గు బాయిలో ఏ పని చేతపట్టినవాళ్లయినా షిఫ్టు దిగాక ఆనాటి సంగతి డబ్బాకు చెప్పి తీరాలి. మా తర్వాత ఆ పనికొచ్చేవాళ్లు విని నేర్చుకోవాలట. సరే, వినండి. నా పేరు మొండక్క. కొమ్మ పెట్టేది నేను, తోడు పోసేది నేను.

మేకమేయని ఆకు తీగ మాకు ప్రాణం. మేక ఎలా ఉంటుందో ఇక్కడ చూసినవాళ్లు ఎవరూ లేరు, పేరు మాత్రం మిగిలింది. పైన అడవుల్లో ఆ తీగ ఎండకు ఎప్పుడో మాడిపోయింది. కింద మా దగ్గర ఉన్నదే ఉంది. బొగ్గు దుమ్ములో పుట్టి బొగ్గు దుమ్ములో పెరిగినవాళ్లం, దమ్ము రోగం లేని ఇల్లంటూ లేదు. ఆయాసం లేచినప్పుడు ఒక ఆకు నమిలి మింగితే కడుపులో తిప్పుతుంది, కక్కొస్తుంది, కాసేపటికి ఛాతీ మీది బండ దిగుతుంది. దీపాల వెలుగులో తీగ పూయదు, విత్తనం కట్టదు. కొమ్మ పెట్టుకోవడం ఒక్కటే దారి.

కణుపు కింద ఏటవాలుగా కోయాలి. ఒక కొమ్మకు ఒక్క కణుపు చాలు. ఆ కణుపుకు ఉన్న రెండు ఆకులనూ అడ్డంగా సగానికి కోయాలి. లేకపోతే వేరు రాకముందే ఆకులు నీళ్లన్నీ లాగేసి కొమ్మను చంపుతాయి. కోసిన సగాలు మనవి కావు, కుండవి. కుండ అంటే పెద్ద కుండ. మొదట కిందికి దిగినవాళ్లు నెత్తిన పెట్టుకొని తెచ్చారట. అందులో నీళ్లు ఎన్నడూ పారబోయలేదు, తగ్గినంత నింపుతూ వచ్చాం. పైన ఉన్న రోజుల్లో పాలను పెరుగుతో తోడు పెట్టేవారట, అదే పద్ధతి. కొత్త కొమ్మ ముంతలో కుండ నీళ్లు ఒక గరిటెడు పోస్తాను. అమావాస్యకు ప్రతి తీగ మొదట్లోనూ ఒక గరిటెడు పోస్తాను. ఇన్నేళ్ల ఆకుల సారమంతా ఆ కుండలో ఉంది, అది తగిలితేనే కొమ్మ వేరు వేస్తుంది. తోడు లేకుండా కొమ్మ పెట్టిన ఇంటికి ఆకు బంద్. ఇది మా కట్టుబాటు.

ఇక ఇవాళ్టి సంగతి. కనకవ్వ గుమ్మంలో పెట్టిన కొత్త కొమ్మ మొదలు నల్లబడింది. కనకవ్వ అంటే బాయికి పెద్ద, మా సర్దార్ భూలక్ష్మికి కన్నతల్లి.

“ఏం జేసినవవ్వా దీన్ని?” అని అడిగాను.

“నేనేం జేస్త బిడ్డా? నువ్వు చెప్పినట్టె నీళ్లు పోసిన.”

“ఉప్పు చేతులతోటి ముట్టుకున్నవా?”

“నీ మీద ఒట్టు, ముట్టుకోలే.”

ముసలామె ముఖం చూస్తే జాలేసింది. కొత్త కొమ్మ పెట్టి, ఒకటికి రెండు గరిటెల తోడు పోసి వచ్చాను. చేతికి కుండ వాసన ఇంకా పోలేదు. మా ఆయన రాజమల్లుకు ఆ వాసన పడదు. గాలి పంకా దగ్గర ఆయన పని. పైనుంచి గాలి లాగి బాయంతా తోలే పంకా అది. “నువ్వు నాకు పెండ్లానివా, ఆ కుండకు పెండ్లానివా?” అని రోజూ ఒకటే పాట. అన్నం తింటూ రెండుసార్లు దగ్గాడు. నేను చూశానని తెలిసి, పచ్చిమిరపకాయ మీదికి నెట్టేశాడు.

కృత్తిక కార్తె చివర

మరో నాలుగు ఇళ్లలో నల్లబడ్డాయి. ఇది చేతి ఉప్పు కాదు.

మొదలు దగ్గర తడి తడిగా నల్లటి ఉంగరం పడుతుంది. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, అదే మోసం. మూడో రోజుకు ముట్టుకుంటే కొమ్మ చేతిలోకి ఊడి వస్తుంది. కత్తి మీద అనుమానం వచ్చి సలసల కాగే నీళ్లలో ఉడకబెట్టాను. ముంతలను బూడిదతో తోమాను. పంకా కొత్త దుమ్ము ఏమైనా తెస్తోందేమోనని తడిబట్టలు కట్టించాను. ఏం చేసినా ఆగడం లేదు. బలం చాలడం లేదేమోనని, నీరసంగా కనిపించిన ప్రతి తీగకూ రెండేసి గరిటెలు పోసుకుంటూ పోతున్నాను. నా నడుం విరిగిపోతోంది.

ఇవాళ పందిరి గదిలోకి వెళ్లాను. మా తల్లి తీగలుండేది అక్కడే, జాలి తలుపు వెనకాల. అన్ని కొమ్మలూ వాటినుంచి కోసినవే. దీపం దగ్గరగా పట్టుకొని చూస్తే మూడు తల్లి తీగల మొదట్లో అదే నల్లటి ఉంగరం. అక్కడే చతికిలబడ్డాను.

వెళ్లి సర్దారక్కకు చెప్పాను. భూలక్ష్మి నాకంటే చిన్నదే, అయినా సర్దార్ కాబట్టి అందరికీ అక్కే. ఆమె గొంతు లేపదు. లేపకపోవడమే భయం.

“ఎన్ని రోజులాగుతయి?” అంది.

“నాకెరుక లేదక్కా.”

“నీకే ఎరుక లేకుంటె ఇంకెవలకుంటది మొండక్కా?”

 తల వంచుకొని వచ్చేశాను. ఎల్లుండి రోహిణి కార్తె. పైన బాయి నోటికి మూత బిగించేస్తారు. ఆ ఎండలో మూత తెరిస్తే మెట్లమీదే మనిషి మాడిపోతాడు, పక్క బాయికి పోయి ఒక కొమ్మ అడిగే దారి కూడా ఉండదు. మృగశిర దాకా పంకా లోపలే తిప్పే మా గాలి మేమే పీల్చాలి, మా చావు మేమే చావాలి.

రోహిణి కార్తె

కనకవ్వ పోయింది.

ఆకు ఉంటే బతికేది. పందిరిలో మిగిలిన ఆకులను సర్దారక్క లెక్కపెట్టి పంచుతోంది. పసిపిల్లలకు ముందు, పంకా మనుషులకు తర్వాత, ముసలివాళ్లకు చివర. తన తల్లికని వరస తప్పించలేదు. ఆమె గుమ్మంలో నేను పెట్టిన రెండో కొమ్మ కూడా కుళ్లి ముంతలో పడి ఉంది. మెడ నరాలు తేలిపోయేలా గాలి కోసం కొట్టుకుంటూ కనకవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఏం జేసినవవ్వా అని నేను ఆమెను నిలదీసిన మాట ఇప్పుడు నా చెవుల్లో గింగురుమంటోంది.

వరసలో నిలబడ్డవాళ్లు నన్ను చూసే చూపు మారింది. నిన్నటిదాకా “మొండక్కా, జెర చాయ తాగిపో” అన్నవాళ్లు ఇవాళ ముఖం తిప్పుకుంటున్నారు. కొందరు కుండ దగ్గర దీపం పెట్టి మొక్కుతున్నారు. తమ వాటా అన్నం కుండలో వేసినవాళ్లున్నారు. నేనూ మొక్కాను, ఎందుకు అబద్ధం చెప్పాలి?

సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు సర్దారక్క అందరినీ నిలబెట్టింది. “ఎవలో తోడు లేకుంట కొమ్మ పెట్టిండ్రు. కట్టు తప్పిండ్రు. అందుకే కుండ పవరు పోయింది. రేపు ఇల్లిల్లు చూస్త, పంకా గది సుత చూస్త. దొరికిన ఇంటికి ఆకు బంద్. పసిపోరగాండ్లున్నా సరే, బంద్.”

పక్కన రాజమల్లు నిలబడ్డాడు.  ఇంటికొచ్చాక అన్నం కలిపి, ముద్ద చేసి, మళ్లీ కంచంలోనే పెట్టేశాడు.

“ఏమైందయ్యా?”

“ఏం గాలే. ఆకలి లేదు.”

 ఇరవై ఏళ్ల కాపురంలో ఈ మనిషి ఆకలి లేదనడం నేను వినలేదు.

రోహిణి కార్తె, ఆ మర్నాడు

వెతికేవాళ్లకంటే ముందు సద్ది గిన్నె పట్టుకొని నేను పంకా గదికి వెళ్లాను. ఏం దాచాడో, దొరికితే మా గతేమిటో అని దారంతా అనుకుంటూనే పోయాను. పంకా మోతలో నేను వచ్చింది ఆయనకు వినిపించలేదు. గోడకు వరసగా ఎర్ర బక్కెట్లు వేలాడుతుంటాయి. నిప్పంటుకుంటే చల్లడానికి ఇసుక పోసి పెట్టినవి. ఆయన చివరి బక్కెట్టు మీద గోనెపట్టా కప్పుతున్నాడు. నేను పట్టా లాగేశాను.

ఇసుకలో మేకమేయని ఆకు తీగ. జానెడు ఎత్తు, నాలుగు కణుపులు, కణుపుకు రెండు చొప్పున నిగనిగలాడే ఆకులు. మొదలు ఆకుపచ్చగా, గట్టిగా ఉంది. నల్ల ఉంగరం లేదు.

“ఎవడు పెట్టమన్నడు నిన్ను?” ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చేశాయి. “తోడు లేకుంట పెడితె ఏమైతదో తెల్వదా? మనల్ని చంపుతరు!”

“అరే, ఊకోవే. కావాలని పెట్టిన్నా? పోయిన చలికాలం నువ్వు ఇంట్ల పెట్టుమని కొమ్మ ఇచ్చినవా? సైరన్ కొట్టె. చేతిల కొమ్మ, కుండ కాడ బారెడు లైను. ఇగ ఇసుకల గుచ్చి పనికి పోయిన. మర్నాడు చూస్తె పచ్చగున్నది. పైపు నుంచి నీళ్ల చుక్క పడుతాంది దాని మీద. పీకబుద్ధి గాలే.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తె నువ్వు తోడు పోస్తవు. ఆ కంపు ఇక్కడ సుతనా?”

తిట్టబోయి ఆగిపోయాను. బాయంతా నల్లబడి చస్తోంది. పచ్చగా ఉన్నది ఇదొక్కటే. దీనికి నా కత్తి తగిలింది, ఇదే గాలి తగిలింది, ఇదే దుమ్ము పడింది. తగలనిది ఒకటే.

బక్కెట్టును నేనే గోనెపట్టాలో చుట్టి, సద్ది గిన్నె పైన పెట్టి, వెతికేవాళ్ల ఎదురుగానే నడుచుకుంటూ ఇంటికి తెచ్చాను. మా ఇంటి సోదా అప్పటికే అయిపోయింది. 

తీగ కొసన ఆకు లేని లేత ముక్క తుంచి రెండు చేశాను. ఒకటి కాచి చల్లార్చిన నీళ్లలో వేశాను. ఇంకోటి తోడు నీళ్లలో వేశాను. షిఫ్టు దిగి వచ్చి చూస్తే మొదటిది ఎలా ఉన్నది అలాగే ఉంది. తోడులో వేసింది, లేతది కదా, ఒక్క పూటకే నల్లగా, మెత్తగా అయి, వేలితో నొక్కితే జారిపోయింది.

కుండలో ఎప్పుడు పుట్టిందో తెలియదు, ఇన్నాళ్లూ నేను ఇల్లిల్లూ తిరిగి పోసింది రోగం. ఎవరిమీద ఎక్కువ ప్రేమ ఉంటే వాళ్లకు రెండు గరిటెలు పోశాను. కనకవ్వకు రెండు పోశాను. ఆ గరిటె పట్టుకున్న చేతిని చూసుకుంటే నాకే భయమేస్తోంది. ఈ మాట భూలక్ష్మికి నేను ఎలా చెప్పాలి? కుండను తప్పుపడితే ఈ జనం నన్ను బతకనిస్తారా? డబ్బా, నువ్వైనా ఊ కొట్టవే!

రోహిణి కార్తె నడుమ

చెప్పడానికి ధైర్యం కూడగట్టుకునేలోపే రాజమల్లుకు దమ్ము లేచింది.

ఇంతకుముందు వచ్చినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పంకా దగ్గరనుంచి ఇద్దరు మోసుకొచ్చారు. గోడకు ఆనించి కూర్చోబెడితే రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి లాగుతున్నాడు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. సర్దారక్క దగ్గరికి పరుగెత్తాను. ఆఖరి తల్లి తీగ కూడా కుళ్లిపోయిందని ఆకుల బుట్ట బోర్లించి చూపించింది. ఖాళీ.

తిరిగొచ్చి బక్కెట్టు ముందు మోకాళ్లమీద పడ్డాను. తీగకు ఎనిమిది ఆకులు. దమ్ము ఇంతగా లేచాక ఒక ఆకు చాలదు, నాలుగు తెంపితే ఈ మనిషి లేచి కూర్చుంటాడు. కానీ ఆకు లేని కణుపుకు వేరు రాదు. నాలుగు ఆకులు తెంపితే రెండు కొమ్మలు పోయినట్టే, అన్నీ తెంపితే బాయే పోయినట్టే. చెయ్యి చాపాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. అంత ఆయాసంలోనూ ఆ పట్టు ఎక్కడిదో.

“తెంపకు.” ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటున్నాడు. “కొమ్మలు... కొయ్యి. నాలుగైతయి.”

“నువ్వు పోతె నేనేం జెయ్యాలయ్యా కొమ్మలతోటి? పొయ్యిల పెట్టుకోనా?”

“కొయ్యవే... మొండిదానా.”

ఏడుస్తూనే కత్తి కాల్చాను. ఏడుస్తూనే కణుపు కింద ఏటవాలుగా కోశాను. నాలుగు డబ్బాల్లో పెనం మీద వేయించిన ఇసుక పోసి, కాచి చల్లార్చిన నీళ్లు చిలకరించాను. ఆకులను అడ్డంగా సగానికి కోశాను. అలవాటు చూడండి, కోసిన సగాలన్నీ దోసిట్లో పట్టుకొని కుండ గది వైపు లేచి నిలబడ్డాను. కోసిన సగాలు మనవి కావు, కుండవి. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఇదే చేశాను.

రెండడుగులు వేశాక కాళ్లు ఆగాయి. నా దోసిట్లో ఎనిమిది సగాలున్నాయి. అంటే నాలుగు ఆకులు. ఇన్నేళ్లూ మేము ఆ కుండలో వేసి కుళ్లబెట్టింది ఈ మందునే.

వెనక్కి తిరిగి ఆయన నోట్లో పెట్టాను. నమలలేకపోతే నేను నమిలి పెట్టాను. నా కడుపులో తిప్పింది, ఆయన కక్కుకున్నాడు, మళ్లీ పెట్టాను. ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చాలా సేపటికి భుజాల ఎగురుడు తగ్గింది.

“నన్ను చావనియ్యకపోతివి గదనే,” అన్నాడు.

ఆ మాట విని మళ్లీ ఏడ్చాను.

రోహిణి కార్తె చివర

చెప్పేశాను.

కుండ గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. నాలుగు ఇసుక డబ్బాలూ తట్టలో పెట్టుకొని వెళ్లాను. సగం ఆకులతో నిలబడి ఉన్న కొమ్మలను చూసి గుసగుసలు లేచాయి.

“తోడు పోసినవా?” సర్దారక్క అడిగింది.

“పొయ్యలే.”

“ఎవల కొమ్మ ఇది?”

“నా మొగడు పెట్టిండు. తోడు లేకుంటనే పెట్టిండు. అందుకే బతికింది.”

ఒక్కసారిగా అరుపులు. ఎవరో నా భుజం పట్టి లాగారు. ఇంకొకరు తట్ట మీదికి చెయ్యి చాపారు. నేను తట్టను సర్దారక్క కాళ్ల దగ్గర పెట్టి, రెండు చేతులతో పెద్ద కుండ అంచు పట్టుకొని వంచేశాను. నీళ్లు పోయాయి. తర్వాత వచ్చింది నీళ్లు కాదు. నల్లటి జిగురు, ముద్దలు ముద్దలుగా. మేము వేసిన ఆకుల సగాలు, జనం మొక్కుకుని వేసిన అన్నం, అడుగున ఎన్నేళ్లదో మట్టి. ఆ కంపుకు ముందు వరసవాళ్లు ముక్కులు మూసుకొని వెనక్కి జరిగారు. అరుపులు ఆగి దగ్గులు మొదలయ్యాయి.

నేను పెట్టి చూసిన రెండు ముక్కల సంగతీ చెప్పాను. రెండేసి గరిటెల సంగతీ చెప్పాను. భూలక్ష్మి ముఖంలోకి చూసే చెప్పాను. 

“మా అవ్వకు రెండు పోసినవు,” అంది.

“పోసిన.”

“ప్రేమతోటి.”

“ప్రేమతోటే అక్కా.”

ఆమె నా చెక్క గరిటె తీసుకుంది. నన్ను కొడుతుందనుకొని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గరిటెను పొయ్యిలో పెట్టి, అది మండేదాకా అక్కడే నిలబడి ఉంది. 

మృగశిర కార్తె

ఇవాళ మూత తెరిచారు. తడి మట్టి వాసన మెట్లు దిగి వచ్చింది. దాని వెనకే పక్క బాయి మనిషి దిగాడు. మోకాళ్లమీద చేతులు పెట్టుకొని కాసేపు రొప్పి, నన్ను గుర్తుపట్టి దండం పెట్టాడు.

“అక్కా, మా తీగలన్నీ మొదట్ల నల్లబడి పోతన్నయి. మీ కాడ పాత కుండ ఉన్నది గద, జెర తోడు ఇయ్యుండ్రి.”

వాళ్లకు కొమ్మలు ఇచ్చింది మేమే. తోడు ముంతతో సహా ఇచ్చింది నేనే. అతనికి మంచినీళ్లు ఇచ్చాను.

అందరి ముందూ ఇసుక డబ్బాలు బయటికి తెచ్చాం. రెండు కొమ్మలు ఎండిపోయాయి. మూడోది కదిలిస్తే ఊడొచ్చింది, వేరు లేదు. నాలుగోది నేను ముట్టుకోలేదు. గోడకు ఆనుకొని కూర్చున్న రాజమల్లు దగ్గరికి డబ్బా తీసుకెళ్లి ఆయన వేలే కొమ్మకు తగిలించాను. మెల్లగా పైకి లాగి చూశాడు. రాలేదు.

“గట్టిగనే పట్టుకున్నది,” అన్నాడు. “అచ్చం నీ లెక్కనే.”

కణుపులో గోరంత కొత్త చిగురు కూడా ఉంది. ఇప్పుడు ఈ లోకంలో మాకు తెలిసిన మేకమేయని ఆకు అదొక్కటే. కోయడానికి ఇంకో కొమ్మ రావాలంటే ఆ చిగురు పెరగాలి, మళ్లీ కణుపులు కట్టాలి. అప్పటిదాకా దాని మీద ఒక్క ఆకూ ఎవరిదీ కాదు.

రాజమల్లుకు మళ్లీ ఆయాసం మొదలైంది. ఈసారి కోయడానికి సగాలు లేవు. ఆయన గాలి లాగిన ప్రతిసారీ నా చెయ్యి దానంతటదే ఆ డబ్బా వైపు పోతోంది. దాని మీద మిగిలిన రెండు సగం ఆకులు ఆయన్ను బతికించలేవని నాకు తెలుసు. చేతికి మాత్రం తెలియడం లేదు. అందుకే డబ్బాను పందిరి గదిలో పెట్టి, జాలి తలుపుకు తాళం వేసి, తాళంచెవి సర్దారక్కకు ఇచ్చాను.

“నువ్వు పెట్టుకో అక్కా. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు.”

ఆమె తాళంచెవి తీసుకోలేదు. ఛాతీ మీద అరచెయ్యి వేసుకొని దగ్గు ఆపుకుంది. “నా చెయ్యి మీద నాకున్నదా మొండక్కా?”

చివరికి పెద్ద కుండ ఉన్న చోట గోడకు మేకు కొట్టి, తాళంచెవిని దీపం కింద, అందరికీ కనబడేలా తగిలించాం. అటూ ఇటూ గోడల వెంట బాయంతా కూర్చుంది. పక్క బాయి మనిషి కూడా వెళ్లకుండా కూర్చున్నాడు. నేను తాళంచెవిని చూస్తున్నాను. వాళ్లంతా నన్ను చూస్తున్నారు. రాజమల్లు గాలి లాగుతున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది.